మూడో అధ్యాయంలో గోదావరి

కాకినాడ, లేడీస్ హాస్టల్,
జూలై 6.

నరసాపురంలో మా రత్నం అత్తయ్యకి,

ముందుగా ఒక మాట. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న బాగున్నాడు, అమ్మ బాగుంది, రాజమండ్రిలో కొట్టు బాగుంది. పోస్టులో ఉత్తరం వచ్చిందంటే చదవకుండానే గుండె పట్టుకుని కూర్చుంటావని ఇది మొదటే రాస్తున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటి అంటావు కదా? ఇది మా ప్రొఫెసర్ సూర్యప్రకాశం గారు వేసిన శిక్ష. ఏప్రిల్లో మీ ఇంట్లో పన్నెండు రోజులుండి గోదావరి నీళ్ళు సీసాలకెత్తుకొచ్చాను కదా, ఆ పని మీదే ఎం.టెక్ థీసిస్ రాస్తున్నాను. ఎండాకాలంలో సముద్రపు ఉప్పు నరసాపురం దాకా ఎంత ఎగబాకుతోంది, అదీ సంగతి. అందులో మూడో అధ్యాయం, పని ఎలా చేశామో చెప్పేది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతులో, దేనితో. అది రాసి ఇస్తే సార్ రెండు రోజులు దగ్గర పెట్టుకుని, "ఏమ్మా, ఇది నువ్వే రాశావా?" అన్నారు. "నేనేనండి" అన్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

"అయితే ఒక పని చెయ్యి. ఈ సబ్జెక్టు బొత్తిగా తెలియని మనిషిని ఒకరిని చూసుకో. నువ్వు చేసిన పని వాళ్ళకి ఉత్తరాల్లో చెప్పు. చేత్తో రాయాలి. ఫోన్లో దీని ఊసెత్తకూడదు. వాళ్ళు అర్థమైందని రాసిన రోజున మూడో అధ్యాయం మళ్ళీ పట్టుకురా" అన్నారు.

బొత్తిగా తెలియని మనిషి అనగానే నువ్వే గుర్తొచ్చావు. కోప్పడకు.

నవంబరు ఇరవైన ఆఖరి రివ్యూ. ఆ లోపల సార్ సంతకం పడకపోతే ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉండాలి. జనవరిలో చేరమన్న వైజాగ్ ఉద్యోగం నాకోసం ఆరు నెలలు ఆగదు. అందుకని నువ్వు నాకు త్వరగా అర్థం చేసుకుని పెట్టాలి.

ఇదిగో, మూడో అధ్యాయం తెలుగులో: "నమూనాలు ఉదయం పది గంటలకు, సముద్రపు నీరు వెనక్కి తీసే పాటు సమయంలో, బోటులో నది మధ్యకు వెళ్ళి, రెండు మీటర్ల లోతు నుండి ప్రామాణిక పరికరంతో సేకరించబడినవి. అనంతరం ప్రయోగశాలలో విశ్లేషించబడినవి."

అర్థమైంది కదా? ఆ ముక్క ఒక కార్డు మీద రాసి పంపించెయ్యి, సార్‌కి చూపిస్తాను.

నీ మేనకోడలు,
ఇంద్రజ

*

నరసాపురం,
జూలై 14.

చిరంజీవి ఇంద్రజని ఆశీర్వదించి, బొత్తిగా తెలియని మనిషి రాస్తున్నది ఏమనగా,

ఎవరికీ ఏమీ కాలేదని నువ్వు మొదట రాసిన ముక్క నేను చివర్లో చూశాను. కవరు చించగానే ఆఖరి లైనుకి పోయాను. ఉత్తరం అలాగే చదువుతారు. నీకేం తెలుసు, నువ్వు పుట్టాక ఇంటికి ఎన్ని ఉత్తరాలొచ్చాయి గనక!

మీ మావయ్యకి చదివి వినిపించాను. "ఎంత బాగా రాసిందే, పేపర్లో పడ్డట్టుంది" అన్నాడు. ఆయనకి అర్థం కానివన్నీ బాగానే ఉంటాయి. నాకు మాత్రం ముక్క అర్థం కాలేదు. అర్థమైందని కార్డు రాయమన్నావు చూడు, అది మాత్రం బాగా అర్థమైంది.

నా పని నీకు తెలుసు. ఊళ్ళలో ఆడవాళ్ళకి దారం ఇస్తాను, వాళ్ళు లేసు అల్లి తెస్తారు. కొత్త డిజైను వచ్చినప్పుడల్లా ఎలా అల్లాలో చీటీ రాసి దారంతో పంపిస్తాను. ఒకసారి టేబులు గుడ్డల అంచుకి "పువ్వులు సరిపడా వెయ్యండి" అని రాశాను. సరిపడా అంటే నా మనసులో పదహారు. సంపూర్ణమ్మ పద్దెనిమిది వేసింది. ఆవిడ తోటికోడలు పన్నెండు వేసింది. ముప్పై గుడ్డలొస్తే ఒకదానికొకటి చుట్టాల్లా కూడా లేవు. సంపూర్ణమ్మ మీద కేకలేశాను. "సరిపడా అన్నారు కదండీ, నాకు సరిపోయాయండి" అంది. ఆవిడ తప్పేముంది? చీటీ వెళ్ళిన చోటికి నేను వెళ్ళనుగా. అప్పట్నుంచీ లెక్క లేకుండా చీటీ రాయలేదు.

ఇప్పుడు నీ చీటీకి వద్దాం. "సేకరించబడినవి" అన్నావు. ఎవరు సేకరించారే? నువ్వా, లేక నీళ్ళే వాటంతటవి వచ్చి సీసాల్లో కూర్చున్నాయా? ప్రామాణిక పరికరం అంటే ఏంటి, ఎంతుంటుంది, చేత్తో పట్టుకుంటారా, నెత్తిన పెట్టుకుంటారా? ఇంకోటి. ఆ పన్నెండు రోజులూ నా ఇంట్లోనే ఉన్నావు. బోటు ఎప్పుడెక్కావు? నేను చూడలేదే! నేను వంటింట్లో ఉన్నప్పుడు ఎక్కి దిగావేమో. ఆ సంగతి కాస్త వివరంగా రాయి.

అత్త,
వెంకటరత్నం

*

కాకినాడ,
జూలై 23.

అత్తయ్యా,

టెక్నికల్ రాతంటే అలాగే ఉంటుంది. "నేను చేశాను, నేను తెచ్చాను" అని రాస్తే చిన్నపిల్లల కాంపోజిషన్‌లా ఉంటుందని ఇక్కడ అందరూ అంటారు. సైన్సులో మనిషి కనపడకూడదట.

బోటు అంటే పంటే. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి జనాన్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు, బుల్లియ్య గారు నడిపేది. అదీ నీళ్ళ మీద పోయేదే కదా! "పంటులో వెళ్ళితిమి" అని థీసిస్‌లో రాస్తే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? అందుకని బోటు అన్నాను. ప్రామాణిక పరికరం అంటే నీళ్ళు తీసే పరికరం. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, నీకెందుకులే.

ఈసారి ఇంకా వివరంగా రాస్తున్నాను చూడు. పౌర్ణమికి మొదలుపెట్టాను. రోజూ ఉదయం పదింటికి, పాటు సమయంలో, నది మధ్యలో రెండు మీటర్ల లోతున నీళ్ళు తీసి, సీసాకి చీటీ అంటించి, మీ ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత ఇక్కడి ల్యాబ్‌కి తెచ్చి ఉప్పు కొలిచాను. ఇంతకన్నా చెప్పడానికి ఏముంది?

దయచేసి అర్థమైందని రాసెయ్యి అత్తయ్యా. మిగతావాళ్ళందరి మూడో అధ్యాయాలూ అయిపోయాయి. నేను మాత్రం మేనత్తకి ఉత్తరాలు రాసుకుంటున్నానని రూములో నవ్వుతున్నారు.

ఇంద్రజ

*

నరసాపురం,
ఆగస్టు 5.

ఇందూ,

గోదావరికి వరదొచ్చింది. నాలుగు రోజులుగా పంటు కట్టేశారు. పని లేక బుల్లియ్య మా అరుగు మీదే ఉంటున్నాడు. నీ ఉత్తరం చదువుతుంటే తనూ విన్నాడు. పరాయివాళ్ళ దగ్గర చదివానని అనుకోకు, అందులో అతని పంటుంది కాబట్టి వినే హక్కుందనుకున్నాను.

పౌర్ణమి, పదింటికి, పాటు అని చదివేసరికి పొలమారి టీ అంతా కక్కుకున్నాడు. "అమ్మగారూ, నాకు తెలిసి పౌర్ణమి పొద్దుట పదింటికి ఈ రేవులో పాటన్నది లేదండి. నిండు పోటండి. కింది మెట్లు మూడు మునిగిపోతాయండి. పాటు సాయంత్రం మూడు దాటాక కదండీ!" అన్నాడు.

అతను చెప్పక్కర్లేదు. నాకు గుర్తుంది. మొదటి రోజు నీళ్ళ అంచున నాలుగో మెట్టు మీద జారి నీ కొత్త చెప్పు ఒకటి నీళ్ళలో పడితే, పోటు దాన్ని ఎగువకి ఎత్తుకుపోయింది. నువ్వు ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి భోరుమన్నావు. పాటైతే ఆ మెట్టు పొడిగా ఉండేది, నీ చెప్పు నీ కాలికే ఉండేది. రోజూ ఎన్ని మెట్లు మునిగాయో కూడా రాసుకున్నావు, నేనే రాయమన్నాను.

అప్పుడక్కడ ఉన్నది నువ్వు. చూసింది నువ్వు. ఇంత పొరపాటు నువ్వెందుకు చేస్తావు? నీ కళ్ళు మంచివి, చిన్నప్పట్నుంచీ తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఈ రాత ఎవరిది?

కోపంగా లేను. జవాబు రాస్తే రాయి, లేకపోతే మానెయ్యి. అర్థమైందని మాత్రం నా చేత రాయించలేవు.

అత్త

*

కాకినాడ,
ఆగస్టు 29.

అత్తయ్యా,

మూడు వారాలు జవాబు రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మధ్యలో నువ్వు ఫోన్ చేసి దాని ఊసే ఎత్తకుండా భోంచేశావా అని మాత్రం అడిగావు చూడు, అప్పుడు మరీ సిగ్గేసింది.

ఆ రాత నాది కాదు. మా సీనియర్ జయంత్‌ది. అతనిదీ కాదు, అతని సీనియర్‌ది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అలవాటుంది. వెళ్ళిపోయే బ్యాచ్ వాళ్ళు తర్వాతి వాళ్ళకి మూడో అధ్యాయం సాఫ్ట్ కాపీ ఇచ్చి వెళ్తారు, పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు. ఊరి పేరు, తేదీ, అంకెలు మార్చుకుంటాం. మిగతాది అలాగే ఉంచేస్తాం. ఏడు బ్యాచ్‌లుగా ఇదే నడుస్తోంది. పదింటికి పాటు అన్నది ఏ ఊళ్ళో ఎవరు చూసి రాశారో, మేమెవ్వరం ఆలోచించలేదు. మార్చాల్సినవాటిలో అది కూడా ఉందని నాకు తట్టనే లేదు.

ఎందుకు చేశానో కూడా చెప్తాను. నేను నీళ్ళు ఎలా తీశానో నీకు తెలుసు. నైలాన్ తాడుకి నీ చేత్తో మూరకో ముడి వేయించుకున్నాను. కొసకి నాన్న కొట్టులోంచి తెచ్చిన కిలో రాయి కట్టాను. రాయికి పైన సీసా, సీసా మూతికి బిరడా, బిరడాకి రెండో దారం. అయిదు ముళ్ళు మునిగేదాకా దింపి, రెండో దారం గట్టిగా గుంజితే బిరడా ఊడి నీళ్ళు నిండేవి. నది మధ్యలో బుల్లియ్య గారు నాకోసం పంటు రెండు నిమిషాలు నిలిపితే, జనం "ఏంటండీ ఇది, బస్సు పోతుందండీ" అని కేకలేసేవారు. ఒకాయన నేను చేపలు పడుతున్నాననుకుని ఏం పడిందమ్మా అని అడిగాడు.

ఇదంతా థీసిస్‌లో ఎలా రాస్తాను? మూర, కిలో రాయి, పంటు! పెద్ద పెద్ద కాలేజీల వాళ్ళు రాసినవి చదివితే అన్నిటికీ మిషన్లే. పైగా నా ఇంగ్లీషు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఒక్కో వాక్యం రాసి, చదువుకుని, ఇది చూసి నవ్వుతారు అని కొట్టేసేదాన్ని. జయంత్ కాపీ తెరిస్తే అన్ని వాక్యాలూ ఇస్త్రీ చేసినట్టున్నాయి. పెట్టేసుకున్నాను.

అంకెలు మాత్రం నావే, ఒట్టు. ఒక్క సీసా కూడా అబద్ధం కాదు. కానీ పోటు నీళ్ళని పాటు నీళ్ళని రాశాక ఆ అంకెలకి అర్థమేముంది? సార్‌కి చెప్తే కాపీ కొట్టానని కమిటీకి పంపుతారేమో. చెప్పకపోతే ఎలాగూ సంతకం పడదు. భయంగా ఉంది అత్తయ్యా.

ఇందు

*

నరసాపురం,
సెప్టెంబరు 4.

ఒసేయ్ పిచ్చిదానా,

నీకు తెలుసో లేదో, నీ ఉత్తరాల్లో ఇదొక్కటే నాకు పూర్తిగా అర్థమైంది. తాడు, రాయి, బిరడా అన్నీ కళ్ళకి కట్టాయి. మీ మావయ్యకి చదివి వినిపిస్తే లేచి వెళ్ళి ఒక సీసా తెచ్చి, బావిలో దింపి చూస్తానన్నాడు. మొదటి ఉత్తరం విని బాగుందన్నాడు గానీ, ఇది విని చేసి చూడబోయాడు. ఆ తేడా నీ సార్‌కి కావలసిందేమో.

అదే ఇంగ్లీషులో రాయి. చిన్న వాక్యాలు రాయి. ఎవరో నవ్వుతారని కదా భయం? నా చీటీల్లో ఎన్ని తప్పులుంటాయో సంపూర్ణమ్మ కూతురు కాన్వెంటులో చదివి వచ్చి చెప్తూనే ఉంటుంది. లేసు మాత్రం సరిగ్గా వస్తోంది.

మూర అని రాయకు. ఎవరి మూర? మీ మావయ్యదైతే సీసా ఇంకో జానెడు కిందికి పోయేది. నా మోచెయ్యి గోడకి ఆనించి టేపుతో మూడుసార్లు కొలిపించాను. నలభై మూడు సెంటీమీటర్లు. మీ మావయ్య నలభై నాలుగన్నాడు, కళ్ళజోడు పెట్టించాక ఒప్పుకున్నాడు.

సార్‌కి చెప్పు. రేపే వెళ్ళి చెప్పు. కమిటీకి పంపితే పంపుతారు, ఆరు నెలలు పోతే పోతాయి, ఉద్యోగం ఇంకోటి వస్తుంది. మా ఇంట్లో ఉండి నా కంచంలో తిని చేసిన పని మీద వేరేవాళ్ళ మాటలు కప్పుకుని తిరగడం మాత్రం నాకు నచ్చలేదు. నువ్వు తెలివైనదానివని ఊరంతా చెప్పుకున్నాను, ఆ మాట పోయిందని కాదు నా బాధ. నువ్వు చేసిందాన్ని చూసి నువ్వే సిగ్గుపడ్డావు చూడు, అది నాకు కష్టంగా ఉంది.

ఏడుపు ఆపి అన్నం తిను.

అత్త

*

కాకినాడ,
సెప్టెంబరు 19.

మా అత్తయ్యకి,

చెప్పేశాను! గది బయట పావుగంట నిలబడి, అటెండరు "లోపలికెళ్తారా, కుర్చీ వేయించమంటారా" అని అడిగాక వెళ్ళాను. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

సూర్యప్రకాశం గారు లేచి బీరువా తీసి, నల్ల అట్ట ఉన్న పాత పుస్తకం ఒకటి తెచ్చి, మూడో అధ్యాయం తెరిచి నా ముందు పెట్టారు. అత్తయ్యా, అదే వాక్యం! పదింటికి, పాటు సమయంలో, బోటులో, అక్షరం పొల్లుపోకుండా. పైన పేరు చూస్తే ఆయనదే. ఇరవై ఆరేళ్ళ కింద ఆయన రాసిన థీసిస్.

"కోరంగి పాయలో, అష్టమి నాడు, పోర్టు వాళ్ళ బోటులో తీశానమ్మా. ఆ రోజు పదింటికి అక్కడ నిజంగానే పాటు. నేను చూసిందే నేను రాశాను. తర్వాత ఎవరో ఎత్తుకున్నారు. మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. నా వాక్యం అంత బాగుందా అనుకున్నాను. రెండోసారి మాట్లాడకుండా సంతకం పెట్టాను. మూడోసారికి చెప్పడానికి మొహమాటం వచ్చేసింది. ఏడు బ్యాచ్‌లు! నా కోరంగి బోటు ఏడు ఊళ్ళు తిరిగింది. నీ కాగితంలో నరసాపురం చేరేసరికి ఇక ఊరుకోలేకపోయాను. నిన్ను ఎదురుగా అడిగితే అబద్ధం చెప్పావు. అందుకని ఉత్తరాలు రాయమన్నాను. నీ తప్పెంతో నాదీ అంతే" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

తాడు సంగతి విని మాత్రం నవ్వారు. "సీసా, రాయి, రెండో దారం, ఇది మిషన్లు రాకముందు అందరూ వాడిన పద్ధతే. పాత పుస్తకాల్లో బొమ్మతో సహా ఉంది. సిగ్గుపడి దాచావా దీన్ని?" అన్నారు. నీ మోచెయ్యి చాలా నచ్చింది ఆయనకి. నలభై మూడు అన్న చోట ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. నా నోటు పుస్తకంలో మునిగిన మెట్ల లెక్క చూసి, "ఇది చెప్పిందెవరు?" అని అడిగారు. బొత్తిగా తెలియని మనిషి అని చెప్పాను.

ఇప్పుడు షరతు విను. నేను మళ్ళీ రాయాలి, మొదటి వాక్యం నుంచి, నా మాటల్లో. అయ్యాక, ఆ నాలుగు పేజీలు మొదటి సంవత్సరం అమ్మాయి చేతికిస్తారు. పేరు శ్రీసుధ, అమలాపురం వైపు పిల్ల, నరసాపురం ఎన్నడూ చూడలేదు. కార్తీకంలో తను ఆ కాగితం పట్టుకుని మీ రేవుకొస్తుంది. అందులో ఉన్నది చదివి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా ఆరు సీసాలు సరిగ్గా తీసుకొస్తేనే సంతకం. "కార్తీకంలో ఉప్పు ఏప్రిల్లో ఉన్నంత ఉండదు కదండీ" అన్నాను. "పరీక్ష నదికి కాదమ్మా, నీ కాగితానికి" అన్నారు.

నేను రాకూడదు. ఫోన్ చెయ్యకూడదు. మీరెవరూ ఆ పిల్లకి సాయం చెయ్యకూడదు. నోరు విప్పకూడదు అత్తయ్యా. నీ వల్ల అవుతుందా?

మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. "తగినంత తాడు" అని రాస్తే పక్కన "ఎంత?" అని రాశారు. నాకు సంపూర్ణమ్మ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇందు

*

నరసాపురం,
నవంబరు 10.

ఇందూ,

నా వల్ల అయింది. ఎలా అయిందో మాత్రం అడగకు.

శ్రీసుధ ఆదివారం పొద్దున్న రైలు దిగింది. సన్నగా, గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది. ఇంటికొచ్చిన పిల్లకి టిఫిను పెట్టడం సాయం కిందికి వస్తుందా రాదా అని మీ మావయ్యా నేనూ గుమ్మంలో వాదించుకున్నాం. పెట్టాం. తిన్నంతసేపూ నేను నోరు మూసుకుని ఉంటే, పాపం ఆ పిల్ల నాకు మాటలు రావేమో అనుకుని చేతులతో ఇంకో ఇడ్లీ చాలని చూపించింది.

తర్వాత కాగితం తీసింది. మీ మావయ్య ముందు చదివి, ఇంగ్లీషు ఇంత సులువా అన్నాడు. ఆ పిల్ల తాడు కొని తెచ్చుకుంది, టేపు పెట్టి నలభై మూడేసి సెంటీమీటర్లకి తనే ముళ్ళు వేసుకుంది. రేవుకెళ్ళాం. నేను పది అడుగులు వెనక, దొంగలా. కాగితం చూసి మెట్లు లెక్కపెట్టింది, ఎన్ని మునిగాయో రాసుకుంది. పంటెక్కి, ప్రవాహం ఎటు నుంచి వస్తోందో చూసి అటు అంచున నిలబడింది. నువ్వు నిలబడ్డ చోటే! నువ్వు చెయ్యి పెట్టిన కమ్మీ మీదే చెయ్యి పెట్టింది. అదీ రాశావా ఏంటి?

నది మధ్యలో బుల్లియ్య పంటు ఆపాడు. సీసా దింపింది. అయిదు ముళ్ళు. రెండో దారం గుంజింది. అక్కడ ఆగిపోయింది. కాగితం తిప్పింది, మళ్ళీ తిప్పింది. నువ్వు "సీసా నిండాక పైకి లాగాలి" అని రాశావట. నిండిందని పైనున్న మనిషికి ఎలా తెలుస్తుందో రాయలేదు. ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. ఇందూ, నా ప్రాణం గిలగిల్లాడిపోయింది. బుల్లియ్య "బుడ..." అన్నాడు. అతని కాలు తొక్కాను. అరిచాడు. జనం నవ్వారు. బస్సు పోతుందని ఒకాయన గోల.

ఆ పిల్ల ఏమీ అడగలేదు. వంగి నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. బుడగలొస్తున్నాయి. కాసేపటికి ఆగిపోయాయి. అప్పుడు లాగింది. నిండా ఉంది. కాగితం మీద ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టుకుంది. సార్ దాన్ని ఏమంటారో నాకు తెలీదు. ఒక్క ప్రశ్న కూడా నోటితో అడగలేదని నేను ఎవరి ముందైనా చెప్తాను, బుల్లియ్య కూడా చెప్తాడు, అతనికి కాలు ఇంకా వాచే ఉంది.

ఆరు సీసాలూ అయ్యాయి. సాయంత్రం రైలెక్కించి ఇంటికొచ్చి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. మీ మావయ్య కంగారుపడ్డాడు. ఆ పిల్ల నిన్ను సరిగ్గా ఎరగనైనా ఎరగదు. నువ్వు అక్కడ లేవు. అయినా రోజంతా నువ్వు పక్కన నిలబడి చెప్తుంటే చేసినట్టే చేసింది. నేను చూశాను కదా.

ఆ ప్రశ్న గుర్తు ఎలా తేలిందో వెంటనే రాయి. మామూలు పోస్టు వద్దు, స్పీడ్ పోస్టులో పంపు.

అత్త

*

కాకినాడ,
నవంబరు 21.

అత్తయ్యా,

నిన్న రివ్యూ అయింది. సంతకం పడింది. వైజాగ్ వాళ్ళకి జనవరిలో వస్తున్నానని రాసేశాను. ఈ ముక్క ఆఖరి లైన్లో రాద్దామనుకున్నాను, నువ్వు ముందు అక్కడికే పోతావు కదా. కానీ అక్కడ ఇంకో సంగతి పెట్టాలి.

సార్ ప్రశ్న గుర్తు చాలాసేపు చూశారు. "ఇది అడగడం కిందికి రాదు. చదవడం కిందికి వస్తుంది. దీనికి జవాబు రాసి తీసుకురా" అన్నారు. అక్కడే నిలబడి రాశాను: "బుడగలు రావడం ఆగాక, పది లెక్కపెట్టి, పైకి లాగాను." మనిషి కనపడకూడదంటారని "లాగబడినది" అని మార్చబోతుంటే, "ఎవరు లాగారు?" అని అడిగారు. "నేనేనండి" అన్నాను. "అయితే అదే ఉంచు" అని సంతకం పెట్టారు. జూలైలో కూడా ఆ మాటే అన్నాను కదా, ఈసారి ఆయన కిటికీ వైపు చూడలేదు.

బుల్లియ్య గారి కాలికి నా తరఫున నమస్కారం చెప్పు. థీసిస్‌లో ధన్యవాదాల పేజీలో ఆయన పేరూ నీ పేరూ పక్కపక్కన వేశాను. మావయ్య పేరు కూడా, టేపు పట్టినందుకు.

ఇవాళ మధ్యాహ్నం శ్రీసుధ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని నా రూముకొచ్చింది. కాసేపు మంచం అంచున కూర్చుని, చున్నీ కొస మెలిపెడుతూ, "అక్కా, మీరు వెళ్ళిపోయే ముందు మూడో అధ్యాయం సాఫ్ట్ కాపీ ఇస్తారా? మీది చాలా బాగుందక్కా, ఊరి పేరు ఒక్కటీ మార్చుకుంటాను" అంది.

నేను ఏ మొహంతో తప్పని చెప్తాను? లాప్‌టాప్ దాకా వెళ్ళి, మూసేసి వచ్చాను.

"నీకు మేనత్త ఉందా?" అని అడిగాను.

లేదంది. అందుకని నీ అడ్రసు రాసిచ్చాను. మొదటి ఉత్తరం వచ్చే వారం అందుతుంది. నీకు ముక్క అర్థం కాదు. పిల్ల సన్నగా ఉందని జాలిపడి అర్థమైందని రాసెయ్యకు.

ఇందు